దగ్గు పిలగాని కోసం నలభై రోజులు

జపాను వాళ్ళు గీసే బొమ్మల సీరియళ్ళ మీద, అంటే యానిమే మీద, నాకు చాలా అభిప్రాయాలున్నాయి. ఎవరూ అడగరు కాబట్టి అవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి కోసమే ఫోనులో ఒక పేజీ పెట్టాను. నలభై ఒక్క మంది చూస్తారు. అందులో ఇద్దరు నేనే. ఒకటి కొత్త నంబరు, ఒకటి పాత నంబరు.

నేను ఉండేది వికారాబాద్‌లో, పని చేసేది తాండూరులో. బండలు పాలిష్ చేసే ఒక యూనిట్లో, వచ్చే పోయే లారీల నంబర్లు, బండల సైజులు కంప్యూటరులో ఎక్కిస్తాను. రైల్లో పోయేటప్పుడు ఒక ఎపిసోడు, వచ్చేటప్పుడు ఒకటి. ఆఫీసులో నేను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పేజీలో మాత్రం ఎవరినీ వదలను.

కత్తుల సీరియళ్ళ గురించి నా అభిప్రాయం ఏమిటంటే, అందులో కత్తి కన్నా నోరు ఎక్కువ ఆడుతుంది. కొట్టే ముందు ఆ దెబ్బ పేరేమిటో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, నేర్చుకునేటప్పుడు ఎన్నిసార్లు ఏడ్చాడో శత్రువుకు వివరంగా చెబుతాడు. శత్రువు కూడా మర్యాదగా వింటాడు. వాలీబాల్ సీరియల్ ఒకటి చూశాను. రైలు ధారూర్ స్టేషనులో ఉండగా పైకి లేచిన బంతి రుక్మాపూర్ స్టేషను దాటినా కింద పడలేదు. తాండూరులో దిగి, సాయంత్రం మళ్ళీ ఎక్కి చూస్తే ఇంకా గాలిలోనే ఉంది. వంటల సీరియల్‌లో ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నేనూ మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ ప్రయత్నించాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, కానీ అది పచ్చిమిరపకాయ పనితనం.

ఇంకో రకం ఉంది. ఆఫీసులో పని చేసే మామూలు మనిషిని లారీ గుద్దుతుంది, వెంటనే వేరే లోకంలో రాజై పుడతాడు. తాండూరులో ఇన్ని బండల లారీలు తిరుగుతున్నాయి, ఒక్కరైనా రాజై పుట్టినట్టు వినలేదు అని రాశాను. ఆ అభిప్రాయాన్ని ఏడుగురు మెచ్చుకున్నారు. అది నా రికార్డు. బడి ప్రేమకథల గురించి, చెయ్యి పట్టుకోవడానికి ఇరవై నాలుగు ఎపిసోడ్లు ఎందుకు, నోరు లేదా అని నిలదీశాను. నేను మాత్రం రెండేళ్ళుగా రైల్లో ఒకే పెట్టెలో ఎదురు సీట్లో కూర్చునే మనిషి పేరు ఇప్పటికీ అడగలేదు.

వీటన్నిటినీ మించిన విషయం, నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. నవాబుపేట దగ్గర మా ఊరి బడిలో పది దాకా చదివాను. బొమ్మల కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, నేను సగం చదివేలోపే మారిపోతాయి. మిగతా సగం నేనే అల్లుకుంటాను. కాబట్టి నేను తిట్టిన కథల్లో సగం తప్పులు నావే అయి ఉండవచ్చు. ఈ సంగతి పేజీలో రాయలేదు.

నాకు పూర్తిగా నచ్చింది ఒక్కటే. దాని పేరు పలకడం రాక ‘సముద్రం ఆసుపత్రి’ అని రాసుకున్నాను. ఒక దీవి, గుట్ట మీద ఒక ఆసుపత్రి, అందులో ఛాతి జబ్బుతో పదిహేడేళ్ళ పిల్లవాడు, వారానికోసారి పడవలో వచ్చే చెల్లెలు. అంతే కథ. ఇరవై రెండో ఎపిసోడులో పిల్లవాడు చనిపోతాడు. ఏడిపించడానికి భయపడని ధైర్యమైన ముగింపు అని, సుఖాంతం పిరికివాళ్ళ పని అని పేజీడు రాశాను. నాలుగుసార్లు చూశాను. ఏడవలేదు. ఏడవకపోవడం నా గొప్ప అనుకున్నాను.

నేను నానమ్మతో ఉంటాను. అమ్మానాన్నలు ఊళ్ళో పొలం చూసుకుంటారు. నానమ్మ పేరు మార్త. వికారాబాద్ గుట్ట మీద ఉన్న ఛాతి జబ్బుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. చదువు రాదు, చూపు మాత్రం చురుకు. సాయంత్రం నేను రొట్టెలు చేసేటప్పుడు ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి పెడతాను. జనవరి చివర్లో ఒకరోజు సముద్రం ఆసుపత్రి ఐదోసారి మొదలుపెట్టాను. నానమ్మ వెల్లుల్లి ఒలుస్తూ చూసింది.

“ఆ పిలగాడు ఎందుకు దగ్గుతుండు?” అంది.

ఛాతి జబ్బు అన్నాను.

“ఎంతకాలమాయె?”

రెండేళ్ళన్నాను. చేతిలో పిండి ఉంది, తొందరలో ఉన్నాను. ఇది కల్పించిన కథ, ఇందులో ఎవరూ లేరు అని చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నాకు దొరకలేదు. మరునాడు నానమ్మ తనే ఫోను తెచ్చి ఉప్పు డబ్బాకు ఆనించింది.

అప్పటినుంచి వారానికి మూడు ఎపిసోడ్లు. నేను చదివినంత చదివి, చదవలేనిది కల్పించి చెబుతాను. ఆమె వార్డులో తిరిగినట్టే చూస్తుంది. కిటికీ మూసి పెట్టారు, గాలి ఆడదు అనేది. ఆ నర్సు మంచిది కాదు, మొహం చూడకుండా మందు ఇస్తుంది అనేది. ఆమె పని చేసిన ఆసుపత్రిలో జబ్బు కొంచెం తగ్గగానే మనుషులు ఊళ్ళకు వెళ్ళిపోయేవారట. తర్వాత ఏమయ్యారో ఆయాలకు ఎవరూ చెప్పరు. ఈ పిల్లవాడి సంగతి మాత్రం ఎప్పటికప్పుడు తెలుస్తోందని సంతోషపడేది. నేను మధ్యమధ్యలో మన్నించదగిన ప్రేక్షకురాలు అన్నట్టు ఆమెను చూసి నవ్వుకునేదాన్ని.

ఫిబ్రవరిలో శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు మా వాళ్ళు ఉపవాసాలుంటారు. నానమ్మ పొద్దున రొట్టె మానేసింది, మధ్యాహ్నం అన్నం మానేసింది. రాత్రికి ఒక్క పూటే తినేది. ఆమెకు చక్కెర జబ్బు ఉంది. వద్దని చెప్పాను. నలభై దినాలే గదా అంది.

శ్రమల దినాల్లో మొదటి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చదివే సమయం వచ్చింది. ఎవరికి కష్టముంటే వాళ్ళు చీటీ రాసి డబ్బాలో వేస్తారు, పాస్టరు గారు చదువుతారు, అందరూ మోకరిస్తారు. ఒకరి కొడుకు పరీక్షలు, ఒకరి బోరు బావి, ఒకరి నడుము నొప్పి అయ్యాయి. తర్వాత ఆయన చదివిన చీటీ ఇది: “మార్తమ్మ గారి ఇంటివారు ఎరిగిన పిల్లవాడు, పదిహేడేళ్ళు, ఛాతి జబ్బుతో దూరపు ఆసుపత్రిలో ఉన్నాడు. అతని కోసం మార్తమ్మ గారు నలభై దినాలు ఉపవాసమున్నారు. సంఘము జ్ఞాపకము చేసుకొనవలెను.”

నానమ్మ చెబితే చీటీ రాసిపెట్టింది సంఘ పెద్ద మత్తయ్య భార్య సంతోషమ్మ. ముప్పై మంది మోకరించారు. నేనూ మోకరించాను. లేకపోతే ఏం చేస్తాను. కళ్ళు మూసుకుని, లేచి నిలబడి నిజం చెప్పాలని నాలో నేను చాలా ధైర్యంగా అనుకున్నాను. ఆమెన్ అయిపోయింది.

బయటికి వచ్చాక సంతోషమ్మ నా చెయ్యి పట్టుకుని చెట్టు చాటుకు తీసుకుపోయింది. పిల్లవాడు మన సంఘమేనా, ఉద్యోగం ఉందా అని మెల్లగా అడిగింది. ‘ఇంటివారు ఎరిగిన’ అన్న మాటకు ఆమె లెక్క ఆమెకు ఉంది. నాకు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు, ఎప్పుడు చూసినా ఫోను చూస్తూ కూర్చుంటాను. పిల్లవాడికి నాకంటే ఏడేళ్ళు తక్కువన్నది ఆమెకు అడ్డు రాలేదు. చీటీలో వయసు తగ్గించి రాయించామనుకుందేమో. సముద్రం దగ్గర ఉంటాడని మాత్రం చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఆమె ఇంకొంచెం జాలిగా చూసింది. తర్వాతి ఆదివారం చర్చిలో నా పక్క సీటు ఖాళీగా లేదు. ఎవరో ఒకరు వచ్చి కూర్చుని నా వీపు నిమురుతూనే ఉన్నారు.

మొదటి ఆదివారమే ఇంటికి పోయి నానమ్మకు చెప్పేద్దామనుకున్నాను. ముప్పై మంది మోకరించారని నానమ్మ మనసు నిండి ఉంది. రేపు చెబుదామనుకున్నాను. అభిప్రాయాలున్న మనిషికి రేపులు చాలా ఉంటాయి.

ఉపవాసం పదమూడో రోజు, బుధవారం, నానమ్మ నల్లా దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. పక్కింటివాళ్ళు చక్కెర నీళ్ళు తాగించి నాకు ఫోను చేశారు. తాండూరు నుంచి వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది. జరిగింది ఏమిటంటే, డాక్టరు చెప్పాడని పొద్దున చక్కెర జబ్బు బిళ్ళ తప్పకుండా వేసుకుంటోంది, దేవుడికి మాటిచ్చానని అన్నం తప్పకుండా మానేస్తోంది. ఇద్దరి మాటా కాదనలేదు. డాక్టరుకు చూపిస్తే, ఇట్లాగే ఉంటే ఇంకోసారి లేవదని నాతో అన్నాడు.

ఉపవాసం ఆపమని బతిమాలాను.

“పిలగాడు లేచి నడిచిన దినం ఆపుత,” అంది నానమ్మ. “గట్లనే మాటిచ్చిన.”

అప్పటికి మేము పదిహేనో ఎపిసోడులో ఉన్నాం. ఆ పిల్లవాడు లేచి నడవడని, ఇంకో ఏడు ఎపిసోడ్లలో చనిపోతాడని నాకు తెలుసు. సుఖాంతం పిరికివాళ్ళ పని అని రాసినదాన్ని, ఆ సాయంత్రం రొట్టెల పిండి కలుపుతూ ఒక సుఖాంతం తయారుచేశాను.

మధ్యలో కొన్ని ఎపిసోడ్లు రైల్లో చూసేశాను, వాటి సంగతి చెబుతాను విను అన్నాను. పట్నం నుంచి పెద్ద డాక్టరు వచ్చాడు, కొత్త సూది ఇచ్చాడు, పిల్లవాడికి నయమైంది.

“ఏం సూది?”

జపాను సూది అన్నాను.

“ఎన్ని దినాలిచ్చిండు?”

తొమ్మిది రోజులన్నాను.

“తొమ్మిది దినాలల్ల ఛాతి జబ్బు తక్కువ గాదు బిడ్డా. ఆరు నెలలు గావాలె. మందులు మధ్యల ఆపితే మళ్ళ మొదటికొస్తది. ఆ డాక్టరుకు జర చెప్పేటోళ్ళు లేరా?”

నా కథలో ఇన్ని బొక్కలుంటే నా పేజీలో నేనే చీల్చి చెండాడేదాన్ని. అయినా వదల్లేదు. నమ్మకం కలగాలని చివరి ఎపిసోడు పెట్టాను. అందులో పిల్లవాడు కనిపించడు. చెల్లెలు గుట్ట ఎక్కుతుంది, ఆసుపత్రి కనబడుతుంది, తర్వాత సముద్రం. అన్న ముందే పడవ దగ్గరికి నడిచిపోయాడు, చెల్లెలు సామాను తీసుకోవడానికి వచ్చింది అని చెప్పుకొచ్చాను. బాగానే కుదురుతోంది అనిపించింది.

“ఆపు,” అంది నానమ్మ. “జర ఎనకకు తీయి.”

వెనక్కి తీశాను. ఆసుపత్రి గోడ. దాని మీద ఎండలో ఒక పరుపు, సగానికి వంగి, రెండు పక్కలా వేలాడుతోంది. రెండు సెకన్లు కూడా ఉండదు. నాలుగుసార్లు చూసి, ఆ సీరియల్ మీద పేజీడు రాసిన నేను ఆ పరుపును ఎన్నడూ చూడలేదు.

“పిలగాడు పోయిండు,” అంది.

ఇంటికి పోయినవాళ్ళ పరుపు కూడా ఎండకు వేస్తారు కదా అన్నాను.

“ఇంటికి పోయినోళ్ళది దులిపి, దుప్పటి మార్చి, మళ్ళొకళ్ళకిస్తం. పానం పోయినోళ్ళదే పొద్దంత గోడ మీద ఉంటది. ముప్పై ఏండ్లు నా చేతులతోని ఏసిన.” ఫోను వైపు కాకుండా నా వైపు చూసింది. “ఎన్నడు పోయిండు?”

ఇరవై రెండో దాంట్లో అన్నాను.

“నువ్వెన్నడు చూసినవ్?”

పోయిన యేడు అన్నాను.

“పోయిన యేడు పోయిన పిలగాని కోసం నన్ను పదమూడు దినాలు ఉపాసం ఉండనిచ్చినవ్.”

నాకు ఇంతవరకు వచ్చిన విమర్శల్లో అంత సూటిది ఇంకొకటి లేదు. అప్పుడు, దుఃఖం తగ్గుతుందేమోనని, అసలు నిజం చెప్పాను. అతను అసలు లేడు, ఎవరో కల్పించి గీశారు, సీరియల్ అంటే అంతే అన్నాను.

నానమ్మ ఫోనును చేతిలోకి తీసుకుంది. ఆదివారం బడిలో అబ్రాహామును, యోసేపును పటాల మీద గీసి చూపిస్తారు, వాళ్ళు ఉన్నారు కాబట్టే కదా గీశారు అని అడిగింది. ఇది అట్లా కాదన్నాను. నేను అనుకున్నంత సిగ్గుపడలేదు, కోపమూ రాలేదు. వార్డులో ఎవరి మాట నమ్మాలో తేల్చుకునే మనిషిలా కూర్చుంది.

“పిలగాన్ని కల్పిస్తరు, సరే,” అంది చివరికి. “దగ్గొచ్చినప్పుడు గోడ దిక్కు మళ్ళుతడు చూడు, చెల్లెకు కనపడొద్దని. గది ఎవ్వరు కల్పించలేరు. మంచం పక్కన కూసున్నోళ్ళకే ఎరుక. గీసినోని ఇంట్ల ఎవరో ఉండె.”

రొట్టె మాడిపోయింది.

రేపటి నుంచి పొద్దున తింటావు కదా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

“పోయిండని నీకు నాకు ఎరుక. ముప్పై మంది ఇంక అడుగుతనే ఉన్నరు. వాళ్ళు మోకాళ్ళ మీద ఉంటే నేనెట్ల తింట? సంఘంల చెప్పినంక తింట.”

చెప్పు మరి అన్నాను.

“కథ నువ్వు జెప్పినవ్. ముగింపు గూడ నువ్వే చెప్పాలె.”

బుధవారం నుంచి ఆదివారానికి మధ్య మూడు రోజులు. కనీసం ఆ చక్కెర జబ్బు బిళ్ళయినా తగ్గించమని డాక్టరును అడిగి, పొద్దున సగం బిళ్ళే ఇచ్చాను. గురువారం పాస్టరు గారికి ఫోను చేశాను, ఆయన ఎత్తగానే వందనాలు అని పెట్టేశాను. శుక్రవారం ఒక చీటీ రాశాను. ‘ఆ పిల్లవాడు లేడు’ అని రాస్తే చనిపోయాడనే అర్థమవుతుంది, ‘ఎప్పుడూ లేడు’ అని రాస్తే నాకు పిచ్చి అనుకుంటారు. చించేశాను. శనివారం సంతోషమ్మ ఇంటి దాకా పోయాను. ఆమె నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మంది. టీ తాగి వచ్చేశాను. నానమ్మ ఆ మూడు రోజులూ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. గోడ పట్టుకుని నడుస్తోంది.

ఆదివారం మనవుల సమయంలో లేచి నిలబడ్డాను. చర్చిలో నా గొంతు పాటల్లో తప్ప ఎవరూ విని ఉండరు. అది కూడా వినబడకుండా పాడతాను. మొదటి మాట నాకే వినబడలేదు. పాస్టరు గారు మైకు ఇచ్చారు. అప్పుడు మరీ ఎక్కువ వినబడింది.

మొదటి నుంచి చెప్పాను. దీవి, పడవ, గుట్ట, కిటికీ మూసిన గది, మొహం చూడని నర్సు. పదిహేను నిమిషాలు పట్టి ఉంటుంది. పరుపు దగ్గరికి వచ్చాను. నాలుగుసార్లు చూసి ఏడవని మనిషిని, ముప్పై మంది ముందర మైకు పట్టుకుని ముక్కు చీదాను. ఆడవాళ్ళలో కొందరు నాతో పాటు ఏడ్చారు. ఆ అదను చూసుకుని, ఇదంతా ఫోనులో చూసిన బొమ్మల కథ, నానమ్మకు ఆ సంగతి నేను చెప్పలేదు, తప్పు నాది, గీసినవాళ్ళ ఇంట్లో ఎవరో జబ్బుతో ఉండి ఉంటారని నానమ్మ అంటోంది అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

వెనక బెంచీలో ఒకరు నవ్వు ఆపుకుంటున్నారు. సంతోషమ్మ మొహంలో, నాకు ప్రియుడు లేడన్న నిరాశ స్పష్టంగా కనబడింది. మత్తయ్య లేచాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, బెంచీ పట్టుకుని నిదానంగా లేస్తాడు. ఇప్పుడు తిడతాడు అనుకున్నాను.

“రెండు వారాలు మోకరించిన బిడ్డా,” అన్నాడు. “సరే, పోనీ. మరి ఆ చెల్లె ఒక్కతే అయిందా?”

అవునన్నాను.

“అమ్మా నాయన లేరా?”

నాకు తెలియదు. ఇంగ్లీషు అందుకోలేక మొదటి ఎపిసోడులో ఆ ముక్క వదిలేశాను. ఆ మాటే చెప్పాను. ఈసారి వెనక బెంచీ బాహాటంగా నవ్వింది, మత్తయ్య కూడా నవ్వాడు. పాస్టరు గారు ఆ పాత చీటీ తీసి, ఆ బొమ్మలు గీసినవాళ్ళ ఇంట్లో ఎవరైనా జబ్బుతో ఉంటే వాళ్ళ కోసం అని పెన్నుతో మార్చుకున్నారు. ముప్పై మందీ మళ్ళీ మోకరించారు.

ఆమెన్ తర్వాత నానమ్మ పాట కోసం ఆగలేదు. బయట మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి డబ్బా తీసింది. రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, కారం. నాకు చెప్పకుండా పొద్దున్నే చేసుకుని తెచ్చుకుంది. మొదటి ముక్క మింగకముందే రెండోది విరిచింది. నేను పక్కన కూర్చున్నాను.

“ఎట్ల చెప్పిన?” అని అడిగాను.

నమలడం ఆపకుండా ఆలోచించింది.

“ఏడ్సుడు జర ఎక్కువైంది,” అంది. “నీళ్ళు తేపో.”